నోరు లేని సాక్షి

రాజ్యం తన రక్షణ కోసం కొన్ని పనులను రహస్యంగా చేయవలసి ఉంటుందని ఒప్పుకున్న మరుక్షణమే, ఆ పనులను ఎవరు చూడాలి, చూసినవారి మాటను ఎవరు వినాలి అనే ప్రశ్న పుడుతుంది. రహదారులు వేసే శాఖ తప్పు చేస్తే గుంతలు పడ్డ రోడ్డే సాక్ష్యం చెబుతుంది. పన్నులు వసూలు చేసే శాఖ అతిగా పోతే పన్ను కట్టినవాడు కోర్టుకెక్కుతాడు. గూఢచర్యం సంగతి వేరు. దాని తప్పు ఎవరి మీద జరిగిందో ఆ మనిషికే తెలియదు, అతనికి తెలియకపోవడమే పని సక్రమంగా జరిగిందనడానికి గుర్తు. అందువల్ల ప్రజాస్వామ్య దేశాలు ప్రజల తరఫున లోపలికి వెళ్లి చూసే కొందరిని ఏర్పరచుకున్నాయి. చట్టసభల్లోని నిఘా సంఘాలు, శాఖల్లోని ఇన్‌స్పెక్టర్ జనరళ్లు, రక్షణ మంత్రికి నేరుగా నివేదించే ప్రత్యేక పర్యవేక్షణాధికారులు ఈ కోవలోకి వస్తారు. అయితే రహస్యాన్ని చూడబోయేవాడు దాన్ని కాపాడతానని ప్రమాణం చేసి మరీ లోపలికి వెళ్లాలి గనుక, అతడు గట్టిగా నిలదీశాడో, తలూపి తిరిగి వచ్చాడో బయటివారు తేల్చుకోలేరు. రాజనీతి శాస్త్రవేత్త రాహుల్ సాగర్ 2013లో వెలువరించిన ‘సీక్రెట్స్ అండ్ లీక్స్’ అనే గ్రంథం ఈ చిక్కు మీదే నడుస్తుంది. పర్యవేక్షకులను పౌరులు పరీక్షించే దారి లేనప్పుడు చివరికి లోపలివారు చేసే లీకుల మీద ఆధారపడవలసి వస్తోందని, ఆ లీకులు కూడా అనుమానాతీతం కావని అతని వాదన సారాంశం.

ఈ విషయం మీద సాగే చర్చ ఎక్కువగా చూపు చుట్టూ తిరుగుతుంది: పర్యవేక్షకునికి ఎన్ని దస్త్రాలు తెరిచి చూపారు, ఏ స్థాయి అనుమతి ఇచ్చారు, ఎన్ని తనిఖీలు జరిగాయి. గత యాభై ఏళ్ల అనుభవాన్ని, ముఖ్యంగా అమెరికా రక్షణ శాఖ అనుభవాన్ని దగ్గరగా పరిశీలిస్తే లోటు చూపులో కంటే వాక్కులో ఎక్కువగా కనిపిస్తుంది. చూసినవారు ప్రతి దశలోనూ ఎవరో ఒకరు ఉన్నారు. వారి మాట ఎంత దూరం పోవచ్చో మాత్రం నిఘా నడిపేవారే నిర్ణయిస్తూ వచ్చారు. చూసి పలకలేనివాడిని పర్యవేక్షకుడు అనవచ్చునా అన్నది పరిపాలనకు సంబంధించిన ప్రశ్నగా కనిపించినా, సాక్షి అంటే ఎవరు అనే పాత తాత్విక ప్రశ్నకు ఇది మరో రూపం.

ఆ పాత ప్రశ్నకు మహాభారతం ఆదిపర్వంలో ఒక సమాధానం ఉంది. తన సభలో కొడుకుతో వచ్చి నిలబడిన శకుంతలను దుష్యంతుడు ఎరుగనని చెప్పినప్పుడు, మనిషి ఒంటరిగా చేశాననుకున్న పనిని సూర్యచంద్రులు, పంచభూతాలు, పగలు, రాత్రి, రెండు సంధ్యలు, యముడు, ధర్మం, అతని హృదయం గమనిస్తూనే ఉంటాయని ఆమె హెచ్చరిస్తుంది. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుని కోసం నన్నయ తెనిగించిన ఘట్టాల్లో తెలుగువారి నోట బాగా నానినది ఇదే కావచ్చు. ఎవరూ లేనిచోట కూడా చూసేవారు ఉంటారని, కాబట్టి తప్పు చేయరాదని పెద్దలు పిల్లలకు చెప్పే బుద్ధిమాటకు ఇది మూలం వంటిది.

అయితే దీన్ని నీతిబోధగా వల్లించేవారు తర్వాతి మెలికను తరచు వదిలేస్తారు. ఆ సాక్షులందరూ ఉన్నారు, కానీ సభలో ఒక్కరూ పలకలేదు. హృదయం కూడా ఉంది. దుష్యంతునికి నిజం తెలుసు, తెలిసీ కాదన్నాడు. అశరీరవాణి సభాసదులందరూ వినేలా పలికిన తర్వాతే తల్లీబిడ్డలకు చోటు దొరికింది. తనకు ముందే తెలుసునని, ఆమె మాట ఒక్కదాని మీద స్వీకరిస్తే లోకం శంకిస్తుందని ఆగానని రాజు సంజాయిషీ ఇస్తాడు. ఆ సంజాయిషీలో నిజాయితీ పాలు ఎంతో ఎవరికి వారు లెక్కవేసుకోవచ్చు గాని, కథ ఒప్పుకున్న సంగతి స్పష్టం: లోపలి సాక్షి ఎంత గొప్పదైనా సభ దాకా రాని సాక్ష్యం శకుంతల గతిని మార్చలేదు.

అద్వైత వేదాంతంలో సాక్షి అనే మాటకు ఉన్న శాస్త్రార్థం దీనికి తోడుగా గుర్తు చేసుకోదగినది. సాక్షి అంటే మనసులోని ప్రతి కదలికనూ వెలిగిస్తూ ఏ కదలికలోనూ పాలుపంచుకోని చైతన్యం. విద్యారణ్యుని పేర ఉన్న ‘పంచదశి’లో నాటకశాల దీపం దృష్టాంతం వస్తుంది; ఆ దీపం ప్రభువును, సభికులను, నర్తకిని ఒకే తీరున వెలిగిస్తుంది, అందరూ వెళ్లిపోయాక ఖాళీ రంగాన్ని కూడా వెలిగిస్తూనే ఉంటుంది. ముక్తి మార్గంలో అటువంటి నిర్లిప్తత పరమోత్కృష్టం. రాజ్యం నియమించిన పర్యవేక్షకుడు అదే స్థితిని అందుకుంటే మాత్రం అది ప్రమాదం. ఎందుకంటే రంగం మీద హత్య జరిగినా దీపం దాన్ని కూడా చక్కగా వెలిగిస్తుంది.

గ్రీకు తత్వంలో ప్లేటో ఈ ప్రశ్నను తాకి పక్కకు తప్పుకున్నాడు. ‘రిపబ్లిక్’ మూడో భాగంలో నగర రక్షకులు మద్యం మత్తులో ఉండరాదన్న ప్రస్తావన వచ్చినప్పుడు, రక్షకుడికి ఇంకో రక్షకుడు కావలసి రావడం నవ్వులాట అవుతుందని గ్లాకన్ అంటాడు. ప్లేటో ఇచ్చిన పరిష్కారం శిక్షణ, పెంపకం. మంచివాణ్ని తయారుచేస్తే వాడికి కాపలా అక్కరలేదని ఆయన నమ్మకం. కౌటిల్యుడు అంత నమ్మకస్తుడు కాడు. ‘అర్థశాస్త్రం’ మొదటి అధికరణంలో అమాత్యులను ధర్మం, అర్థం, కామం, భయం అనే నాలుగు ప్రలోభాలతో పరీక్షించే ఉపధలు ఉన్నాయి, ఒకచోట నిలిచి పనిచేసే వేగులను సంస్థలని, తిరుగుతూ పనిచేసేవారిని సంచారులని విభజించడం ఉంది, ఒకరినొకరు ఎరుగని ముగ్గురి మాట కలిసినప్పుడే వార్తను నమ్మాలన్న నియమం ఉంది. నేటి భాషలో చెప్పాలంటే ప్లేటోది ప్రమాణ స్వీకారం, శిక్షణ తరగతుల దారి. కౌటిల్యునిది ఒకరి మీద ఒకరిని నిలిపే బహుళ తనిఖీల దారి. ఆధునిక రాజ్యం రెండింటినీ కలిపి వాడుకుంటోంది. కౌటిల్యుని ఏర్పాటులో వార్తలన్నీ చేరేది రాజు దగ్గరకే, రాజు మీద ఉన్నది అతని ఇంద్రియజయం మాత్రమే. అధికారపు పై మెట్టు మీద ఉన్నవాడే తప్పుకు ఆజ్ఞ ఇస్తే ఆ కింది చూపులన్నీ ఏమవుతాయన్నది ఆయన తెరవని తలుపు.

అమెరికా ఉదాహరణను తీసుకోవడానికి కారణం ఉంది. ఆ దేశపు నిఘా వ్యవస్థగా లెక్కకు వచ్చే 18 సంస్థల్లో తొమ్మిది రక్షణ శాఖలోనే ఉన్నాయి. విదేశీ సంభాషణలను, సంకేతాలను పట్టుకునే ఎన్‌ఎస్‌ఏ అనే జాతీయ భద్రతా సంస్థ, సైనిక సమాచారాన్ని విశ్లేషించే రక్షణ నిఘా సంస్థ, గూఢచారి ఉపగ్రహాలను నడిపేది ఒకటి, ఆ ఉపగ్రహాల చిత్రాలను చదివి పటాలు తీసేది మరొకటి, వీటికి తోడు సైన్యం, నౌకాదళం, మెరైన్ దళం, వైమానిక దళం, అంతరిక్ష దళాల సొంత విభాగాలు. సినిమాలు, నవలలు సీఐఏను ఎంత ముందుకు తెచ్చినా, నిఘా యంత్రాంగంలో పెద్ద వాటా పెంటగన్ గొడుగు కిందే ఉంది. శత్రువు కోసం కట్టిన సేన సొంత పౌరుల మీదికి తిరిగితే కంచే చేను మేసినట్లవుతుంది గనుక, ఇక్కడ పర్యవేక్షణ ప్రశ్న మిగతా చోట్ల కంటే పదునెక్కుతుంది.

ఆ పదును దేశానికి తగిలింది 1970లో. సైనిక నిఘాలో కెప్టెన్‌గా పనిచేసి బయటికి వచ్చిన క్రిస్టఫర్ పైల్ ఆ ఏడాది జనవరిలో ‘వాషింగ్టన్ మంత్లీ’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. సాదా దుస్తుల్లోని సైనికులు యుద్ధ వ్యతిరేక సభలకు, పౌరహక్కుల ఊరేగింపులకు వెళ్లి వివరాలు రాసుకుంటున్నారని, అవి దస్త్రాలకు ఎక్కుతున్నాయని అది బయటపెట్టింది. సెనేటర్ శామ్ ఎర్విన్ 1971లో దీని మీద విచారణ జరిపాడు. అటువంటి నిఘాకు గురైనవారు వేసిన దావా సుప్రీంకోర్టుకు వెళ్లగా, 1972లో ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలిచిన తీర్పులో, నిఘా ఉందన్న భయం వల్ల వెనకాడుతున్నామని చెప్పడం చాలదని, నిర్దిష్టమైన హాని చూపనిదే కోర్టు కలగజేసుకోదని తేలింది. చూడటం దానంతట అది హాని కాదన్న ఈ సూత్రం న్యాయశాస్త్రంలో ఎలా నిలిచినా, మనిషి అంతరంగం దృష్ట్యా మాత్రం చాలా పలచనిది. ఎవరో రాసుకుంటున్నారని తెలిసినవాడు నోరు విప్పే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడని సభల్లో మాట్లాడిన ప్రతివారికీ తెలుసు.

1975 జనవరిలో ఐడాహో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ అధ్యక్షతన సెనేట్ ఏర్పాటు చేసిన విచారణ సంఘం ఇంకా లోతుకు వెళ్లింది. అక్కడ దొరికినవాటిలో ‘షామ్‌రాక్’ అనే పని సాక్షి ప్రశ్నకు అతి దగ్గరగా వస్తుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన 1945 నుంచి మూడు పెద్ద టెలిగ్రాఫ్ కంపెనీలు దేశం లోపలికీ బయటికీ పోయే తంతివార్తల నకళ్లను సైనిక సంకేత నిఘాకు, తర్వాత ఎన్‌ఎస్‌ఏకు అప్పగిస్తూ వచ్చాయి. ఆఖరి సంవత్సరాల్లో విశ్లేషకులు నెలకు సుమారు 1,50,000 వార్తలు చదివేవారు. ఇది చట్టవిరుద్ధమేమోనని కంపెనీలు జంకినప్పుడు 1947లో రక్షణ మంత్రి జేమ్స్ ఫారెస్టల్, 1949లో ఆయన తర్వాతి మంత్రి లూయీ జాన్సన్ వారికి నోటిమాటగా హామీ ఇచ్చారు. ఆ తర్వాత ఏ మంత్రి అయినా దాన్ని తిరిగి పరిశీలించినట్లు సంఘానికి ఆధారం దొరకలేదు. 1975 మేలో జేమ్స్ ష్లెసింజర్ ఆపమన్నదాకా పాతికేళ్ల పాటు ఆ పాత హామీ మీదే నకళ్లు చేతులు మారుతూ వచ్చాయి. అంటే, తప్పును ఎవరూ చూడలేదని చెప్పడానికి వీల్లేదు. చూడవలసినవాడు ఒకసారి చూసి సరేనన్నాడు, ఆ సరే అన్నది కాగితం మీదికి ఎక్కలేదు, కాబట్టి దాన్ని ఎవరూ ప్రశ్నించలేకపోయారు.

‘మినరెట్’ అనే మరో పనిలో 1967 నుంచి 1973 దాకా కొందరు అమెరికన్ల పేర్లతో జాబితా కట్టి, వారి విదేశీ సంభాషణలను ఏరి, ఎన్‌ఎస్‌ఏ ముద్ర కనిపించని నివేదికలుగా పైవారికి పంపేవారు. మార్టిన్ లూథర్ కింగ్, ముహమ్మద్ అలీ వంటివారు అందులో ఉన్నారు. 2013లో రహస్య ముద్ర తొలగిన పత్రాల వల్ల మరో రెండు పేర్లు బయటపడ్డాయి. ఒకటి విచారణ సంఘం అధ్యక్షుడు ఫ్రాంక్ చర్చ్‌ది, రెండోది అదే సంఘంలో సభ్యుడిగా కూర్చున్న హోవర్డ్ బేకర్‌ది. ఎన్‌ఎస్‌ఏ అధిపతి లూ అలెన్‌ను 1975 అక్టోబరు 29న బహిరంగ విచారణలో ప్రశ్నిస్తున్న చర్చ్, తన పేరే ఒకప్పుడు ఆ సంస్థ జాబితాలోకి ఎక్కిందన్న సంగతి లోకానికి తెలియక ముందే, 1984లో కన్నుమూశాడు.

ఈ విచారణల ఒత్తిడిలోనే ఇప్పటి పర్యవేక్షణ పదవులు పుట్టాయి. 1976 ఫిబ్రవరిలో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ 11905వ నంబరు కార్యనిర్వాహక ఉత్తర్వుతో, అంటే చట్టసభతో పని లేకుండా తన అధికారంతో ఇచ్చిన ఆదేశంతో, ముగ్గురు సభ్యుల నిఘా పర్యవేక్షణ మండలిని ఏర్పరచాడు. అదే ఏడాది రక్షణ శాఖలో నిఘా వ్యవహారాలకు ప్రత్యేకించి ఒక ఇన్‌స్పెక్టర్ జనరల్ పదవి వచ్చింది. 1982 నుంచి దాన్ని నిఘా పర్యవేక్షణకు రక్షణ మంత్రి సహాయకుడు అనే హోదాతో పిలిచారు, తర్వాత అది శాఖ పరిపాలనా విభాగంలోకి జరిగింది, 2021లో గోప్యత, పౌరస్వేచ్ఛలు, పారదర్శకత కూడా చేరి మరింత పొడుగు పేరు సంతరించుకుంది. పేరు మారినా పని సారం ఒకటే: శాఖలోని నిఘా పనులు చట్టానికి, ఉత్తర్వులకు లోబడి జరుగుతున్నాయో లేదో స్వతంత్రంగా చూసి మంత్రికి, ఆయన ద్వారా మండలికి చెప్పడం. నిఘా ఉద్యోగి ఎవరైనా చట్టవిరుద్ధమనిపించే పనిని చూస్తే, దాన్ని ప్రశ్నార్హ కార్యకలాపంగా పైకి నివేదించి తీరాలన్న నియమం కూడా ఈ ఏర్పాటులో భాగం. కాగితం మీద ఇది మంచి నిర్మాణం, అందులో నిజాయితీగా పనిచేసినవారు ఉన్నారనడంలో సందేహం అక్కరలేదు.

చిక్కు ఎక్కడ ఉందంటే, ఈ పదవి కొలిచేది నియమాల ప్రకారం జరిగిందా లేదా అన్నదాన్ని. నియమంలో గీత ఎక్కడ గీయాలో మాత్రం నిఘా పక్షమే తేలుస్తుంది. రక్షణ శాఖ 1982లో వెలువరించిన నియమావళి ప్రకారం యంత్రాలతో పట్టుకున్న సమాచారం మనిషికి అర్థమయ్యే రూపానికి మారేదాకా సేకరించినట్లు లెక్క కాదు. గిడ్డంగి నిండా సంభాషణలు పోగుపడినా పర్యవేక్షణ గడియారం మొదలుకాదన్నమాట. 2016లో వచ్చిన కొత్త నియమావళి చేతికి అందిన క్షణాన్నే సేకరణగా గుర్తించింది. మధ్యలో గడిచినవి 34 ఏళ్లు. ఇంకో ఉదాహరణ ‘టాలన్’ అనే సమాచార నిధి. ఫ్లోరిడా రాష్ట్రం లేక్‌వర్త్‌లో క్వేకర్ల ప్రార్థనాగృహంలో, అంటే యుద్ధాన్ని మతధర్మంగా నిరాకరించే క్రైస్తవ శాఖ వారి మందిరంలో, బడుల వద్ద సైనిక భర్తీకి నిరసన తెలపాలని కూడిన కొద్దిమంది గురించిన నమోదు అందులో ఉందని 2005 డిసెంబరులో ఒక టీవీ వార్త చెప్పింది. తర్వాత శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ జరిపిన విచారణలో, ఆ నమోదులు సైనిక స్థావరాల రక్షణ, శాంతిభద్రతల కింద జరిగినవే తప్ప నిఘా సేకరణ కాదని తేలింది. నిఘా కాదు గనుక నిఘా నియమాలు వర్తించవు. టాలన్‌ను 2007లో మూసివేశారు, కానీ దాన్ని మూయించింది నియమం ఉల్లంఘన జరిగిందన్న నిర్ధారణ కాదు, వార్త పుట్టించిన సిగ్గు.

వాక్కు లోటు ఎంత లోతుగా ఉంటుందో చూపే పత్రం ఒకటి ఉంది. 2001 అక్టోబరులో అధ్యక్షుడు జార్జ్ బుష్ అనుమతితో ఎన్‌ఎస్‌ఏ న్యాయస్థానపు వారంటు లేకుండా కొన్ని సంభాషణలను పట్టుకోవడం మొదలుపెట్టింది. 2003 జులై 17న ఈ విషయాన్ని ఉపాధ్యక్షుడు డిక్ చేనీ సమక్షంలో చట్టసభ నిఘా సంఘాల పెద్దలు కొద్దిమందికి వివరించారు. సెనేట్ సంఘం ఉపాధ్యక్షుడు జే రాక్‌ఫెల్లర్ ఆ రోజే చేనీకి ఒక ఉత్తరం రాశాడు, అదీ చేతిరాతతో. టైపు చేసే సిబ్బందికి చూపించినా రహస్యభంగమే అవుతుంది. తాను సాంకేతిక నిపుణుణ్ని కానని, న్యాయవాదిని కూడా కానని, సిబ్బందినీ సలహాదారునీ సంప్రదించే వీలు లేనప్పుడు ఈ పనికి సమ్మతించడం సంగతి అటుంచి, దాన్ని పూర్తిగా తూచనైనా తూచలేనని అందులో రాశాడు. ఉత్తరం నకలును కవరులో పెట్టి ముద్ర వేసి, ఆ కవరును సంఘపు భద్రపు గదిలో దాచుతున్నానని కూడా చెప్పాడు. పత్రికల్లో ఈ కార్యక్రమం బయటపడ్డ 2005 డిసెంబరుదాకా ఆ కవరు అక్కడే ఉంది.

ఈ ఉత్తరాన్ని పిరికితనానికి గుర్తుగా చూసినవారు ఉన్నారు. ఆయన సభలో లేచి చెప్పి ఉండవలసిందని, సభలో అన్న మాటకు సభ్యుణ్ని బయట ఎక్కడా ప్రశ్నించరాదని రాజ్యాంగమే కాపుకాస్తోందని వారి మాట. 1971లో సెనేటర్ మైక్ గ్రావెల్ వియత్నాం యుద్ధం గురించిన రహస్య ‘పెంటగన్ పత్రాల’ను సంఘపు రికార్డులోకి చదివి చూపినప్పుడు ఆ కాపుదల పనికివచ్చిన మాట నిజం. కానీ రాక్‌ఫెల్లర్ తన అసమ్మతికి తానే సాక్షిని తయారుచేసుకున్నాడన్నది గమనించదగినది. తర్వాత ఎవరైనా నువ్వు ఒప్పుకున్నావని అంటే చూపడానికి ఆ కవరు. సాక్షి తన సొంత సాక్ష్యాన్ని తాళం వేసి దాచుకునే స్థితి వచ్చిందంటే, రహస్య రాజ్యం అతణ్ని పర్యవేక్షకుణ్నిగా వాడుకోవడం లేదు, తెలియజేశామని చెప్పుకోవడానికి వాడుకుంటోంది. లోపలివారి స్థితి ఇంకా విడ్డూరం. ఎన్‌ఎస్‌ఏ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు ఈ కార్యక్రమం గురించి చెప్పింది 2002 ఆగస్టులో, అది మొదలైన పది నెలలకు. ఆ పని చట్టబద్ధమేనని న్యాయశాఖ రాసిన అభిప్రాయాన్ని చూడనివ్వమని ఆయన, సంస్థ న్యాయవాది కలిసి అడిగినప్పుడు ఉపాధ్యక్షుని కార్యాలయం నిరాకరించింది. పని చూపించారు, పనికి ఆధారమైన చట్టాన్ని చూపించలేదు.

పదేళ్ల తర్వాత అదే లోటు నడిసభలో కనిపించింది. 2013 మార్చి 12న సెనేట్ నిఘా సంఘం బహిరంగ సమావేశంలో ఆరిగాన్ సెనేటర్ రాన్ వైడెన్, లక్షలాది, కోట్లాది అమెరికన్ల సమాచారాన్ని ఎన్‌ఎస్‌ఏ ఏ రూపంలోనైనా సేకరిస్తోందా అని జాతీయ నిఘా అధిపతి జేమ్స్ క్లాపర్‌ను అడిగాడు. 2007 నుంచి 2010 దాకా రక్షణ శాఖలోనే నిఘా వ్యవహారాల ఉపమంత్రి హోదాలో పనిచేసిన క్లాపర్, ఆ ప్రశ్న ముందురోజే తన కార్యాలయానికి అందినప్పటికీ, లేదని, తెలిసి అయితే లేదని జవాబిచ్చాడు. వైడెన్‌కు నిజం తెలుసు. అది అబద్ధమని అక్కడే చెబితే రహస్యాన్ని బయటపెట్టినట్లే. అందువల్ల ఆయన అక్కడితో ఆగిపోయాడు. జూన్‌లో ఎన్‌ఎస్‌ఏ కాంట్రాక్టు ఉద్యోగి ఎడ్వర్డ్ స్నోడెన్ ఇచ్చిన పత్రాలు వార్తగా వచ్చాక క్లాపర్ తన జవాబు తప్పని రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. శకుంతల కథలో నిజం తెలిసీ దాచినవాడు రాజు ఒక్కడే. ఇక్కడ అడిగినవాడికీ చెప్పినవాడికీ ఇద్దరికీ తెలుసు, తెలియనిది సభకు మాత్రమే.

లీకు చేసేవాణ్ని అశరీరవాణిగా భావించాలని కొందరికి అనిపించడం సహజమే గాని ఆ పోలిక కొంత దూరమే వెళుతుంది. అశరీరవాణికి శరీరం లేదు కాబట్టి కక్ష లేదు, ఉద్యోగం లేదు, జైలు భయం లేదు, ఏది చెప్పాలో ఏది దాచాలో ఎంచుకునే పక్షపాతం లేదు. పత్రాలు పట్టుకుని బయటికి వచ్చిన మనిషికి ఇవన్నీ ఉంటాయి. పైగా రహస్యానికి నిజమైన అవసరం ఉన్న సందర్భాలు ఉన్నాయి. 1942 జూన్‌లో మిడ్వే సముద్రయుద్ధం ముగిసీ ముగియకముందే జపాన్ నౌకాబలం వివరాలు అమెరికన్లకు ముందే తెలుసునని ‘షికాగో ట్రిబ్యూన్’ రాసినప్పుడు, జపాన్ సంకేతలిపిని ఛేదించిన సంగతి శత్రువు చెవిన పడుతుందేమోనని నౌకాదళం తల్లడిల్లింది. అక్కడ పణంగా ఉన్నవి నావికుల ప్రాణాలు. రహస్యమంతా అధర్మమని కొట్టిపారేసేవారు ఇటువంటి సందర్భానికి జవాబు చెప్పలేరు.

ఇమ్మాన్యుయేల్ కాంట్ 1795లో ‘శాశ్వత శాంతి’ మీద రాసిన పుస్తకానికి చేర్చిన అనుబంధంలో ఒక పరీక్ష చెప్పాడు: ఇతరుల హక్కులకు సంబంధించిన పని ఏదైనా, దాని వెనకున్న సూత్రం బాహాటంగా ప్రకటిస్తే చెల్లనిదైతే అది అన్యాయం. పనికీ సూత్రానికీ ఆయన చేసిన తేడాలోనే చిక్కు విడిపోయే దారి ఉంది. ఫలానా శత్రువు మాటలను వింటున్నామని ప్రకటించనక్కరలేదు. పౌరుల మాటలను ఏ షరతుల మీద వినవచ్చునన్నది మాత్రం ప్రకటించవచ్చు, ప్రకటిస్తే ఏ నౌకా మునగదు. దాచాలన్న నిర్ణయం దాపరికం లేకుండా జరగాలని, ఏయే రకం సంగతులు దాచవచ్చునో ప్రజలు ముందే చర్చించి ఒప్పుకోవాలని డెనిస్ థాంప్సన్ వంటి రాజనీతి తాత్వికులు దీన్ని ముందుకు తీసుకువెళ్లారు. ఈ కొలతతో చూస్తే 2003లో దాచిన న్యాయాభిప్రాయం, 2013లో స్నోడెన్ పత్రాలు వచ్చేదాకా దాచిన, ఆ సేకరణకు ఆధారమైన చట్టవ్యాఖ్యానం రెండూ సూత్రాన్నే దాచినవి, కాబట్టి మిడ్వే పేరు చెప్పి వాటిని కాపాడలేం.

ఈ తేడాను గుర్తించిన ఒక చిన్న ఏర్పాటు అమెరికా చట్టంలో ముందునుంచే ఉంది. రక్షణ శాఖకు పూర్తిస్థాయి ఇన్‌స్పెక్టర్ జనరల్‌ను 1982లో ఏర్పాటు చేసినప్పుడు, యుద్ధ ప్రణాళికలు, నిఘా వంటి సున్నితమైన విషయాల్లో విచారణను మంత్రి ఆపవచ్చునని చట్టం ఒప్పుకుంది. కానీ ఆపినట్లు 30 రోజుల్లో చట్టసభకు తెలియాలని షరతు పెట్టింది. మంత్రి చేతికి సాక్షి కళ్లు మూసే అధికారం ఇచ్చింది, మూసిన సంగతి దాచే అధికారం ఇవ్వలేదు. ఘనంగా కనిపించే మండళ్ల కంటే ఈ ఒక్క వాక్యంలో ఎక్కువ తత్వం ఉందనడం అతిశయోక్తి కాదు. మండలి కథ దీనికి భిన్నం: 1976 నాటి నిఘా పర్యవేక్షణ మండలి తన కంటపడిన చట్టవిరుద్ధాన్ని నేరుగా అటార్నీ జనరల్‌కు పంపేది. 2008లో వచ్చిన ఉత్తర్వు ఆ నేరు దారిని తగ్గించింది. చూపు అలాగే ఉంది, వాక్కు ఒక మెట్టు కుంగింది.

భారతదేశంలో ఈ చర్చ ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. కార్గిల్ యుద్ధం తర్వాతి సంస్కరణల్లో భాగంగా 2002లో మూడు దళాల నిఘాను సమన్వయపరిచే రక్షణ నిఘా సంస్థ ఏర్పడింది గాని, దాన్ని గానీ ఇతర నిఘా సంస్థలను గానీ పరిశీలించే పార్లమెంటు సంఘం లేదు. 2011లో మనీశ్ తివారీ లోక్‌సభలో పెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. ఫోన్ సంభాషణలను రహస్యంగా వినే విషయంలో 1996లో సుప్రీంకోర్టు పౌరహక్కుల సంఘం కేసులో ఇచ్చిన తీర్పు సమీక్షా సంఘాలను ఏర్పరచింది, వాటిలో కూర్చునేది ప్రభుత్వ కార్యదర్శులే. ఇక్కడ సాక్షికి నోరు ఉందా లేదా అని అడగబోయే ముందు, సాక్షి ఎవరన్నదే తేలవలసి ఉంది.

నోరున్న సాక్షి నిలకడ ఎంతన్నది అమెరికాలో ఈమధ్య తేలింది. ఇన్‌స్పెక్టర్ జనరల్‌ను తొలగించదలిస్తే 30 రోజుల ముందు, ఆ వ్యక్తికి సంబంధించిన నిర్దిష్ట కారణాలతో చట్టసభకు తెలియజేయాలని 2022 చివర్లో చట్టాన్ని బిగించారు. 2025 జనవరి 24న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ రాబర్ట్ స్టార్చ్‌తో సహా పదిహేను మందికి పైగా ఇన్‌స్పెక్టర్ జనరళ్లను ఏ ముందస్తు సమాచారమూ లేకుండా తొలగించాడు. స్టార్చ్, మరికొందరు కోర్టుకు వెళ్లారు. అదే ఏడాది సెప్టెంబరులో ఫెడరల్ న్యాయమూర్తి ఆ తొలగింపు చట్టవిరుద్ధమని తేల్చారు, కానీ వారిని తిరిగి పదవుల్లో కూర్చోబెట్టడానికి నిరాకరించారు. కూర్చోబెట్టినా అధ్యక్షుడు కారణాలు రాసి, 30 రోజులు ఆగి, మళ్లీ తొలగించగలడన్నది అందుకు చెప్పిన హేతువు.